జగిలి మీద జాజు గీత

మొన్న మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "అత్తా, మన పాత ఇంటికి గుర్తు వేసినారు. రోడ్డు మళ్ళీ వెడల్పు చేస్తారంట. చూడల్లంటే ఇప్పుడే వచ్చి చూసుకో" అన్నాడు. మన ఇల్లు అనడం వాడి మంచితనం. దాన్ని మేము అమ్మేసి చాలా కాలమైంది. అయినా మనసు ఊరుకోలేదు. బళ్ళారి గాంధీనగర్‌లో నా ఇంటికి తాళం వేసి, మోకాళ్ళను బతిమాలుకుంటూ ఆటో ఎక్కి, బస్సు ఎక్కి, నేను పుట్టి పెరిగిన ఊళ్ళో దిగాను. ముందు గదులు ఇప్పుడు మొబైల్ షాపు. గోడ మీద ఎర్ర పెయింటుతో పెద్ద బాణం గుర్తు. ఎందుకో దాన్ని గోటితో గీకి చూశాను. ఏమీ రాలేదు. నవ్వొచ్చింది. నా చిన్నతనంలో ఇదే గోడ మీద ఇట్లాంటి గుర్తును మా అవ్వ ఒక్క శుక్రవారం పొద్దున తుడిచిపారేసింది. దాంతో ఊరు ఊరంతా మా జేజినాయన మీద విరుచుకుపడింది.

మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఆ ఊరికి మునిసిపల్ చైర్మన్. పేరు తిప్పారెడ్డి అయినా ఊళ్ళో అందరూ చైర్మనప్ప అనేవాళ్ళు. కొందరు పిల్లలకైతే ఆయన అసలు పేరు ఆయన పోయిన రోజే తెలిసిందట. మా జిల్లా అప్పటికి మైసూరు రాష్ట్రంలో కలిసిపోయింది. ఆఫీసు కాగితాలన్నీ కన్నడంలోకి మారాయి. జేజినాయన కన్నడంలో సంతకం పెట్టేవాడు, తెలుగులో తిట్టేవాడు, అంగట్లో బేరం ఆడాలంటే దక్కనీ ఉర్దూలోకి దిగేవాడు. ఇంగ్లీషు మాత్రం ఆయన దగ్గరికి రాలేదు, ఆయనా దాని దగ్గరికి పోలేదు. పై ఆఫీసరు ఎవరైనా ఇంగ్లీషులో పొడుగ్గా మాట్లాడితే ఓపికగా చివరిదాకా విని, "ఆయ్తు సామీ, సరే గానీ, నీళ్ళు యెప్పుడిస్తారో అది చెప్పండి" అనేవాడు.

తెల్లవారకముందే లేచి, వేపపుల్ల నోట్లో పెట్టుకుని, వెదురు కర్ర పట్టుకుని ఊరంతా తిరిగి రావడం ఆయన అలవాటు. ప్రతి కాలువలోనూ కర్ర పెట్టి కెలికి చూసేవాడు. ఎక్కడ నీళ్ళు నిలిస్తే అక్కడ నిలబడి, ఆ సందులో నిద్రపోతున్న వాళ్ళందరినీ లేపేవాడు. ఆ కర్రను అవ్వ ఇంట్లోకి రానిచ్చేది కాదు. అది వీధి వైపే మూలన ఆనించి ఉండాలి, ఆయన తలకు పోసుకుంటే తప్ప కాఫీ దొరకదు. ఊరికంతా పెత్తనం చేసే మనిషి తడి పంచెతో వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇస్తావా, ఇంగా ఏమన్నా కడుక్కోవల్లనా?" అని అడిగే గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మీటింగు ఉన్న రోజు నల్లకోటు బయటికి వచ్చేది. కలరా ఉండల వాసన, నస్యం వాసన కలిసి ఆయన వెళ్ళిపోయాక కూడా కాసేపు నడవలో తిరుగుతూ ఉండేవి. నాకు ఆ వాసనంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

మా ఇంటి ముందు జగిలి ఉండేది. అరుగును మా వైపు అట్లా అంటాం. ఇంటి పొడవునా మట్టి, రాయితో కట్టి, పైన నున్నటి బండలు పరిచిన జగిలి. ఒక బండ మీద ఎవరో ఎప్పుడో పులి-మేక ఆట గీతలు చెక్కి పెట్టారు. నేనూ జేజినాయనా దాని మీద ఆడేవాళ్ళం. ఆయన మేకలు పట్టుకుని కూడా నన్ను గెలవనిచ్చేవాడు కాదు. పొద్దున జగిలి ఆయనది. కాలువ పూడిందని, దీపం వెలగలేదని, పక్కింటి వాడు గోడ జరిపినాడని వచ్చేవాళ్ళంతా అక్కడే కూర్చునేవాళ్ళు. భోజనాలయ్యాక అది మా అవ్వది.

అవ్వ పేరు హంపమ్మ. చాట, తమలపాకుల పెట్టె, తలుపు పక్కన గోడకు వీపు. అంతే ఆమె కచేరీ. శనక్కాయలు ఒలుస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో సాయంత్రం దాకా వీధిని చూస్తూ కూర్చునేది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు జగిలి దిగి బజారులో నడవడం లేదు. పెళ్ళికో, గుడికో పోవాలంటే పెరటి వాకిట్లోకి బండి వచ్చేది, దానికి గుడ్డ కట్టేవాళ్ళు. కోడలుగా వచ్చిన నాటి నుంచి అవ్వ ఊరిని చూసింది ఆ జగిలి మీద నుంచే. పెరుగమ్మే సుంకమ్మ రోజూ గంప దించుకుని కింద మెట్టు మీద కూర్చుని వార్తలన్నీ చెప్పేది. అవ్వ పైన, సుంకమ్మ కింద. వాళ్ళిద్దరికీ ఎంత స్నేహమున్నా ఆ మెట్టు తేడా మాత్రం ఎప్పుడూ పోలేదు. అప్పుడు నాకది వింతగా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ప్రతి శుక్రవారం అవ్వ జగిలి కడిగి, ముందు గోడకూ గడప పక్కన గోడ అంచుకూ జాజు పూసేది. జాజు అంటే ఎర్రమన్ను, నీళ్ళలో కలిపి గుడ్డతో పూస్తారు. దాని మీద సున్నంతో చారలు. తడి జాజు వాసన, తొలకరి వాన వాసన నాకు ఒకటే. మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. పెద్దింట్లో జాజు పడేదాకా ఎవరూ పూసేవాళ్ళు కాదు. అవ్వ ముంత పట్టుకుని బయటికి రాగానే అటూ ఇటూ తలుపులు తెరుచుకునేవి. ఆమె చార లావుగా గీస్తే అందరూ లావుగా, సన్నగా గీస్తే అందరూ సన్నగా. చైర్మన్ చెప్పిన మాట వినని వీధి చైర్మన్ పెండ్లాన్ని చూసి నడిచేది.

ఊరు అప్పుడే పెద్దదవుతోంది. పత్తి మిల్లు వచ్చింది. గని నుంచి ఇనుప మన్ను వేసుకుని స్టేషన్‌కు పోయే లారీలు మొదలయ్యాయి. మా బజారు మాత్రం ఎద్దుల బండ్లకు సరిపోయేటట్టు ఎప్పుడో వేసినది. పైగా ఇటొక జగిలి, అటొక జగిలి. అన్నిటికన్నా ముందుకు పొడుచుకుని వచ్చింది మాదే.

ఒక పత్తికాలంలో, మధ్యాహ్నం పూట, వీధి చివర ఖాదర్ సాబు పత్తి గోదాముకు నిప్పంటుకుంది. మునిసిపాలిటీ నీళ్ళలారీ గంట కొట్టుకుంటూ మా వీధిలోకి తిరిగింది. ఎదురుగా పత్తి బండ్లు. ముందుకు పోలేక, వెనక్కు రాలేక మా జగిలికీ ఎదురింటి జగిలికీ మధ్య ఇరుక్కుపోయింది. జేజినాయన నల్లకోటుతోనే పరుగెత్తి వచ్చి ఎద్దుల మూతులు పట్టుకుని తోశాడు, అరిచాడు, డ్రైవరును తిట్టాడు. ఆఖరికి జనం బిందెలతో నీళ్ళు మోశారు. వాళ్ళు అక్కడికి చేరేటప్పటికి గోదాములో ఆర్పడానికి ఏమీ మిగల్లేదు. మనుషులకు ఏమీ కాలేదు, అదొక్కటే దేవుడి దయ.

సాయంత్రం ఖాదర్ సాబు మా ఇంటికి వచ్చాడు. గడ్డంలో బూడిద. జగిలి మీద కూర్చుని, అరచేత్తో ఆ బండను నిమురుతూ మెల్లగా అన్నాడు.

"చైర్మన్ సాబ్, నేను ఎవురిని తిట్టల్ల? నిప్పును తిట్టల్లనా, నీ జగిలిని తిట్టల్లనా?"

జేజినాయన ఆ రాత్రి తినలేదు.

తర్వాతి మీటింగులోనే బజారు వెడల్పు చేయాలని తీర్మానం చేయించాడు. తన ఇల్లే మొదట అని నిలబడి చెప్పి వచ్చాడు. ఊళ్ళో సగం మంది మెచ్చుకున్నారు. జగిళ్ళు ఉన్న సగం మంది, "అది జరిగేది కాదులే" అని నవ్వుకున్నారు. బళ్ళారి నుంచి ఓవర్సీర్ వచ్చి గొలుసులతో కొలిచాడు. గుర్తులు వేయడానికి తెప్పించిన రంగు డబ్బా రైల్లో ఎక్కడో ఆగిపోయింది. మునిసిపాలిటీ మేస్త్రీ కరిబసప్ప ఆలస్యం ఎందుకని, దొరికిన ఎర్రమన్ను బకెట్టులో కలుపుకుని ఎవరి ఇంటి దగ్గర ఎంత పోతుందో గీతలు గీసుకుంటూ పోయాడు. మా ఇంటి గీత గడప పక్కనే గోడ అంచున పడింది. అంటే జగిలి మొత్తం పోతుంది.

అది గురువారం. మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది.

శనివారం ఓవర్సీర్ మనుషుల్ని వెంటేసుకుని వచ్చేసరికి వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తళతళలాడుతోంది. ప్రతి ఇంటికీ కొత్త జాజు, కొత్త సున్నం చారలు. ఆయన గీత ఏదో, అమ్మలక్కల గీత ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆయన మా తలుపు ముందు నిలబడి, "ఎవరు తుడిచారమ్మా?" అని గట్టిగా అడిగాడు.

అవ్వ తలుపు చాటు నుంచి, "శుక్రవారం కదప్పా. జాజు పూయకుండా ఎట్లుంటారు?" అంది.

"అది గవర్నమెంటు గుర్తమ్మా!"

"గవర్నమెంటు జాజుతో గీస్తాదని మాకేం తెలుసప్పా?"

కరిబసప్ప తల దించుకున్నాడు. మూతి మీద తుండు అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఊరు మాత్రం నవ్వలేదు. సాయంత్రానికల్లా సుంకమ్మ ఆ మాట మోసుకొచ్చింది. "అమ్మా, బజార్లో ఏమనుకుంటాండారో తెలుసునా? చైర్మనప్ప మీటింగులో పెద్ద మాటలు చెప్పి, ఇంటికొచ్చి పెండ్లాం చేత తుడిపించినాడంట." తలుపు వెనక జేజినాయన ఉన్నాడని ఆమెకు తెలియదు. ఆయన మొహం నేను చూశాను. గోదాము కాలిన రోజు కూడా అట్లా లేదు.

అవ్వ నిజంగా పొరపాటున తుడిచిందా, తెలిసే తుడిచిందా అని ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. మిగతావాళ్ళ సంగతి తేలికే, వాళ్ళు ఆమెను చూసి చేశారు. ఆమె? మరుసటి రోజు అన్నాల దగ్గర జేజినాయన అదే అడిగాడు. నేను పక్కనే కూర్చుని సంగటి ముద్ద తింటున్నాను.

"తెలిసే చేస్తివా?"

అవ్వ పప్పు వడ్డించి, గరిటె కింద పెట్టింది. "తెలుసో తెలీదో నాకే తెలీదప్పా. చెయ్యి అలవాటు. అయితే తుడిచినంక మనసు చల్లగాయె. అది మాత్రం నిజం."

"ఖాదర్ సాబు బతుకు బూడిదాయెనే."

"నాకు తెల్దా? ఆ పొగ నా ఇంట్లోకీ వచ్చె." ఆమె గరిటె మళ్ళీ చేతికి తీసుకుంది. "నువ్వు పొద్దున్నే లేచి ఊరంతా తిరిగొస్తావు. మీటింగులంటావు, బళ్ళారి అంటావు. నాకుండే ఊరు ఆ జగిలే. అది తీసేస్తే నేను యాడ కూచునేదప్పా? వంటింట్లో గోడను చూసుకుంటా కూచోనా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న జేజినాయనకు ఎవరూ వేయలేదు. ఊరి ఆడవాళ్ళకు కొళాయిలు పెట్టించినవాడు, ప్రసూతి ఆసుపత్రి కోసం బెంగళూరు దాకా పోయి వచ్చినవాడు తన భార్య రోజంతా ఎక్కడ కూర్చుంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఆయన చేయి కడుక్కుని లేచిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాను. కోపం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాతి గురువారం ఓవర్సీర్ ఈసారి డాంబరు డబ్బాతో దిగాడు. జేజినాయన వీధిలోనే అందరి ముందూ ఆయన్ను ఆపాడు.

"వద్దప్పా. జాజుతోనే గీయించు."

"మళ్ళీ రేపు శుక్రవారం సార్!"

"ఉండనీ. డాంబరుతో గీస్తే మా వీధి ఆడోళ్ళను నమ్మనట్లయితాది."

ఆ మాట తలుపు వెనక అవ్వ విన్నది. నేనూ విన్నాను. కరిబసప్ప మళ్ళీ బకెట్టు కలిపాడు. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. చైర్మనప్పకు మతి పోయిందన్నారు. జేజినాయన ఆ సాయంత్రం అవ్వతో దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నాతో పులి-మేక ఆడుతూ తన పులులన్నీ కట్టించుకున్నాడు. ఆయన మీద నేను గెలిచింది ఆ ఒక్కసారే. గెలిచినా సంతోషం కలగలేదు.

శుక్రవారం తెల్లారింది. జేజినాయన ఊరు తిరగడానికి పోలేదు. వేపపుల్ల నములుతూ నడవలోనే నిలబడ్డాడు. అవ్వ జాజు ముంత, సున్నపు గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. అటూ ఇటూ తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి గుమ్మంలో, పక్కింటి గుమ్మంలో ఆడవాళ్ళు ముంతలు పట్టుకుని చూస్తున్నారు. అవ్వ జగిలిని మూల మూలలా కడిగింది. ఎప్పటికంటే ఎక్కువ సేపు కడిగింది. పులి-మేక బండను రెండుసార్లు రుద్దింది. తర్వాత గడప పక్కన వంగి, గోడ అంచున ఎండిపోయి మసకేసిన మేస్త్రీ గీత మీదనే గుడ్డ ముంచి జాజు పూసింది, పక్కకు చుక్క పోకుండా, లావుగా. దానికి అటొకటి ఇటొకటి సున్నపు చార గీసింది. ముంత దించి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వచ్చింది. గడప దాటుతూ జేజినాయనతో, "కాపీ తాగుతావా?" అంది. ఆయన ఇంకా తలకు పోసుకోలేదు.

ఎండ ఎక్కేసరికి వీధిలో ప్రతి గీతా అట్లాగే, జాజుతో, రెండు వైపులా తెల్లచారలతో మెరుస్తోంది.

మా జగిలినే మొదట పగలగొట్టారు. గడ్డపార పడిన ప్రతిసారీ ఇల్లు అదిరేది. అవ్వ వంటింట్లో కూర్చుని శనక్కాయలు ఒలిచింది. బండలను బండి మీద ఎక్కించుకుని పోయారు. సాయంత్రానికి తలుపు బయట గాలి తప్ప ఏమీ లేదు. కిందికి దిగడానికి రాళ్ళు మెట్లుగా పేర్చారంతే. అవ్వ అలవాటు చొప్పున చాట పట్టుకుని వచ్చి, గడప దగ్గర నిలబడిపోయింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక అట్లా నిలబడ్డ అవ్వను చూస్తే నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు జేజినాయన వీధిలో నుంచి వచ్చి, కర్ర గోడకు ఆనించి, కింద నిలబడే పిలిచాడు. "దిగు."

"యాడికప్పా?"

"దిగి రా. చూద్దువు."

"బండి లేకుండానా?"

"కాళ్ళున్నాయి కదా."

ఆమె చాట నా చేతికిచ్చి, కొంగు తల నిండా కప్పుకుని, రాళ్ళ మీద ఒక్కో అడుగే వేస్తూ దిగింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆయన ముందు, ఆమె వెనక, ఆమె కొంగు పట్టుకుని నేను. సుంకమ్మ గంప పెట్టుకుని ఎదురొచ్చి, "ఇన్ని దినాలకు దిగితివా తల్లీ!" అని పకపకా నవ్వింది. ఆ వీధిలో ఆమె పుట్టినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. ఇద్దరూ ఒకే నేల మీద నిలబడితే సుంకమ్మే పొడుగని అప్పుడు తెలిసింది. నలుగురం కలిసే పోయాం. కాలిపోయిన గోదాము దగ్గర అవ్వ ఆగింది. ఖాదర్ సాబు కొత్త గోడ లేపుతున్నాడు. ఆమెను చూసి పక్కకు తిరిగి సలాం చేశాడు. అవ్వ తల ఊపింది.

గోదాము పక్క సందులో వీధి కొళాయి ఉంది. దాని చుట్టూ ఎప్పుడూ బురద. ఆ రోజు బురద లేదు. కొత్తగా కట్ట కట్టి, పైన బండలు పరిచారు. ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. అవ్వ వంగి చూసింది. బండ మీద పులి-మేక గీతలు.

"ఈడ పెట్టిస్తివా?" అంది.

జేజినాయన నస్యం పట్టు పీల్చి, అటు తిరిగి తుమ్మాడు. "ఊరి కొళాయి అది. యెవురన్నా కూచోవచ్చు."

బిందెలు జరిగాయి. అవ్వ తన బండ మీద తాను కూర్చుంది. పక్కన చేత్తో తట్టి, "కూచోమ్మే" అంది సుంకమ్మతో. సుంకమ్మ ఒక్క క్షణం తటపటాయించి, గంప దించి, పక్కనే కూర్చుంది. ఆ తర్వాత అవ్వ పోయేదాకా ప్రతి సాయంత్రం ఆ కట్ట ఆమె కచేరీ. ఊరి వార్తలు చెప్పించుకునే మనిషి ఊరికి చెప్పే మనిషైంది. కాలువ పూడితే ఆడవాళ్ళు ఆమెకే చెప్పేవాళ్ళు, రాత్రి అన్నంతో పాటు ఆ సంగతి జేజినాయనకు వడ్డించేది.

తర్వాతి ఎన్నికల్లో మా వీధే ఆయన్ను ఓడించింది. జగిళ్ళ మీద అంత ప్రేమ. "నేను వేస్తినప్పా నీకు" అంది అవ్వ. "అదొక్కటి పడిందని నాకూ తెలుసులే" అన్నాడు ఆయన. అయినా పొద్దున్నే కర్ర పట్టుకుని కాలువలు కెలకడం మానలేదు. కొత్త చైర్మన్‌కు ఆయనంటే మహా భయం.

మొన్న ఆ సందులోకి పోయి చూశాను. కొళాయి లేదు, కట్ట లేదు. ఫిల్టర్ నీళ్ళ డబ్బాలు అమ్మే అంగడి ఉంది. బండ ఏమైందని అడిగితే ఎవరికీ తెలియదు. బాధ కలిగింది గానీ, ఆ వీధిలో స్కూటర్ల మీద జర్రున పోతున్న ఆడపిల్లల్ని చూస్తే మాత్రం అవ్వ సంతోషించేది. వాళ్ళకు కూర్చోవడానికి జగిలి అక్కర్లేదు. కూర్చునే తీరికా లేదనుకోండి. ఒకరి ఇంటి ముందు ఇంకొకరు కాసేపు ఆగడం ఆ వీధిలో ఎక్కడా కనబడలేదు. ఎన్ని అడుగులు వెడల్పు చేసినా ఆ చోటు మళ్ళీ రాదు. అది మాత్రం నాకు నచ్చలేదు.

బస్సుకు టైముందని తిరిగి వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డాను. మొబైల్ షాపు పిల్లోడు చూసి చూసి బయటికి వచ్చాడు. "ఎవురు కావల్లమ్మా?"

"ఎవురూ లేరప్పా. ఈడ మా అవ్వ కూచునేది."

వాడు నా కాళ్ళ వైపు, అటూ ఇటూ పోతున్న లారీల వైపు చూశాడు. "ఈడనా? ఇది రోడ్డు కదమ్మా."

"అవునప్పా" అన్నాను. "ఆమె ఇచ్చిందే."

వాడికి ఏం అర్థమైందో ఏమో, లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేశాడు. బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.